అక్రమం ఎప్పుడు సక్రమమవుతుంది?



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలో ఎంత కష్టముందో, ఎంత ఖర్చుందో చేసినవారికే తెలుస్తుంది. ఈ రోజుల్లో ఆ సామెతకు ఇంకొక మాట చేర్చుకోవలసి వస్తోంది. కట్టిన ఇంటికి కాగితం చేసి చూడు అని. ఇల్లు నిలబడింది, గృహప్రవేశమైంది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కాని ఆ ఇంటికి అనుమతి లేదు. అటువంటి ఇళ్ళను ప్రభుత్వాలు ఎప్పుడు ఒప్పుకుంటాయి, ఎప్పుడు ఒప్పుకోవు, ఏ షరతుల మీద ఒప్పుకుంటాయి అన్నది ఈనాటి మన విషయం.

ఒక సాయంత్రం మా వీధి చివర మగ్గం నేసే పెద్దాయన ఒకరు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వారి అబ్బాయి మా బడిలోనే చదివాడు. సరిహద్దు ఊళ్ళలో బడిపంతులంటే మీకు తెలుసు కదా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆఫీసులో నడిచేది కన్నడం. ఏ కాగితం వచ్చినా ముందు పంతులు దగ్గరికే వస్తుంది. "మేష్ట్రూ, ఇది ఇల్లు పడగొడతామనే కాగితమా, డబ్బు కట్టమనే కాగితమా? కొంచెం చూసి చెప్పండి" అన్నారాయన.

చూశాను. అది పురసభ నుంచి వచ్చిన నోటీసు. మేడమెట్లు రోడ్డు కాలువ మీదికి కట్టారు, 15 రోజుల్లో తీసివేయండి లేదా కారణం చెప్పండి, ఇంటి ప్లానుకు అనుమతి ఉంటే చూపించండి అని అందులో ఉంది. ఎప్పుడు వచ్చిందని అడిగాను. "పదకొండు దినాలైంది. దేవుని పటం వెనకాల పెట్టినాను" అన్నారు. అంటే చేతిలో మిగిలింది 4 రోజులు.

ఆయన తన వెంట ఇంకొక సంచి కూడా తెచ్చారు. అందులో 2015లో ఇల్లు కట్టినప్పటి నుంచి ఏటేటా కట్టిన కందాయం రసీదులు, కరెంటు బిల్లులు, నీళ్ళ బిల్లులు వరుసగా మడిచిపెట్టి ఉన్నాయి. "ఇన్నేండ్లు కందాయం తీసుకున్నారు, కరెంటు ఇచ్చినారు, నీళ్ళు ఇచ్చినారు. ఇప్పుడు ఇల్లు అక్రమం అంటే ఎట్లా మేష్ట్రూ? అయినా అక్రమ-సక్రమ వచ్చిందంట కదా, డబ్బు కడితే సరిపోతుంది కదా?" అన్నారు.

శ్రోతలారా, ఆ పెద్దాయన అడిగిన రెండు ప్రశ్నలే ఈ ప్రసంగానికి మూలం. ఆ ప్రశ్నలు ఆయన ఒక్కరివే కావు. నిజం చెప్పాలంటే కొంతవరకు నావి కూడా. మా ఇంటి మీద పిల్లల చదువు కోసమని వేసిన గది ఒకటి ఉంది. దానికి నేను అనుమతి తీసుకోలేదు. తరువాత ఆ ఇంటి మీద అప్పు కావాలని వెళ్ళినప్పుడు, కింది అంతస్తుకు మాత్రమే విలువ కట్టి, పైగదిని లెక్కలోకి తీసుకోలేదు. పదిమందికి పాఠం చెప్పే నేను ఆ రోజు నేర్చుకున్న పాఠం అది.

మొదటి ప్రశ్న తీసుకుందాం. పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు సక్రమం అవుతుందా? కాదు. ఇంటి పన్ను అనేది ఆ ఇల్లు అక్కడ ఉంది గనుక, ఆ ఇంటివారు వీధిదీపం, రోడ్డు, కాలువ వాడుకుంటున్నారు గనుక వసూలు చేసేది. ఇల్లు ప్లాను ప్రకారం కట్టారని ఇచ్చే యోగ్యతాపత్రం కాదది. బడిలో ఫీజు కట్టిన రసీదు, పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఒకటేనా? ఇదీ అంతే. అయితే ఆ రసీదులు వృథా అని నేను అనడం లేదు. ఇల్లు ఏ సంవత్సరం నుంచి ఉందో రుజువు చేయడానికి వాటికి మించిన సాక్ష్యం లేదు. ఆ రుజువు ఎంత ముఖ్యమో ఇంకాసేపట్లో చెబుతాను.

రెండో ప్రశ్నకు వెళ్ళేముందు, అక్రమం అంటే ఏమిటో విడదీసి చూడాలి. ఇందులో మూడు రకాలున్నాయి. ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లనే మనవాళ్ళు ఎక్కువగా మోసపోతున్నారు.

మొదటి రకంలో స్థలం మీదే, లేఔటుకు ఆమోదమూ ఉంది. కాని కట్టడం ప్లాను ప్రకారం లేదు. చుట్టూ వదలవలసిన ఖాళీ వదలలేదు, లేదా ఒక అంతస్తు అదనంగా వేశారు, లేదా అసలు ప్లానుకు అనుమతే తీసుకోలేదు. ఇది కట్టడంలో దోషం.

రెండో రకంలోనూ స్థలం మీరు కొన్నదే, రిజిస్ట్రేషనూ అయింది. కాని అది వ్యవసాయ భూమి. దాన్ని ఇళ్ళస్థలంగా మార్పించకుండా, లేఔటుకు ఆమోదం లేకుండా, ముగ్గు వేసి ముక్కలు చేసి అమ్మారు. కర్ణాటకలో మనం రెవెన్యూ సైటు అంటున్నది దీన్నే. ఇది నేలలో దోషం.

మూడో రకంలో స్థలమే మీది కాదు. ప్రభుత్వ భూమిలోనో, పోరంబోకులోనో ఏళ్ళ కిందట గుడిసె వేసుకున్నారు, అదే ఇల్లయింది. ఇది హక్కులో దోషం.

ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క మందు ఉన్నట్టే, ఈ మూడింటికీ మూడు వేరు వేరు చట్టాలు, మూడు వేరు వేరు ఆఫీసులు ఉన్నాయి. కట్టడం దోషానికి పురసభ, నగరపాలిక, ప్లానింగ్ ఆఫీసు. నేల దోషానికి ప్లానింగ్ ఆఫీసుతోపాటు రెవెన్యూ శాఖ. హక్కు దోషానికి తహసీల్దారు. ఒకదాని కాగితం తెచ్చుకుని మూడూ తీరిపోయాయనుకోకూడదు.

ఇక అక్రమ-సక్రమ సంగతి. కర్ణాటక ప్రభుత్వం పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టంలో 76ఎఫ్ఎఫ్ అనే సెక్షను చేర్చింది. దాని కింద నియమాలు 2014 మే నెలలో వెలువడ్డాయి. ఆ నియమాల సారాంశం ఇది. నివాసపు ఇళ్ళలో ఉల్లంఘన 50 శాతం లోపల ఉండాలి. దుకాణాలు, వ్యాపార భవనాలలో 25 శాతం లోపల ఉండాలి. కట్టడం 2013 అక్టోబరు 19 లోపల జరిగినదై ఉండాలి. నివాసపు ఇంటికి ఉల్లంఘన 25 శాతం లోపలైతే ఉల్లంఘించిన భాగం మార్కెట్ విలువలో 6 శాతం, 25 నుంచి 50 శాతం మధ్యనైతే 8 శాతం రుసుము. వ్యాపార భవనాలకు ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

శాతం అంటే ఏమిటో సులువుగా చెబుతాను. ఇంటి పక్కన 4 అడుగులు ఖాళీ వదలాలని నియమం ఉందనుకోండి. మీరు 2 అడుగులు వదిలారు. అంటే సగం ఆక్రమించారు, ఉల్లంఘన 50 శాతం. అది హద్దు. ఒక్క అడుగే వదిలితే ఉల్లంఘన 75 శాతం. అది ఆ పథకంలోకి రానే రాదు. ఎంత రుసుము కడతానన్నా రాదు.

మన పెద్దాయన ఇంటి లెక్క చూద్దాం. పక్కన వదలవలసింది 3 అడుగులు, వదిలింది 1 అడుగు. ఉల్లంఘన 67 శాతం. కట్టింది 2015లో. తేదీ ప్రకారం చూసినా, శాతం ప్రకారం చూసినా ఆ ఇల్లు అక్రమ-సక్రమలోకి రాదు. ఇక మెట్ల సంగతి చెప్పనక్కరలేదు, అవి రోడ్డు కాలువ మీద ఉన్నాయి.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. ఈ నియమాల మీద కొందరు పౌరులు కోర్టుకు వెళ్ళారు. 2016 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు నియమాలను సమర్థించింది. ఇక దరఖాస్తులు మొదలవుతాయి అనుకుంటూ ఉండగా 2017 జనవరిలో సుప్రీం కోర్టు వాటి అమలును నిలుపుదల చేసింది. పథకం పేరు ఇంటింటా మోగింది గాని, పని మాత్రం ఆగిపోయింది. "అక్రమ-సక్రమ వచ్చింది" అని విన్నవాళ్ళు లక్షలమంది. "ఆగింది" అని విన్నవాళ్ళు కొద్దిమందే. మంచి వార్త గుర్రమెక్కి వస్తుంది, దానికి తగిలిన షరతు కుంటుకుంటూ వెనక వస్తుంది.

తమిళనాడు శ్రోతలకు ఈ కథ కొత్తది కాదు. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి వైపు ఉన్నవారు వినండి. తమిళనాడు ప్రభుత్వం 1971 నాటి పట్టణ ప్రణాళిక చట్టంలో 1998లో 113-ఎ అనే సెక్షను చేర్చింది. 1999 ఫిబ్రవరి 28 నాటికి ఉన్న కట్టడాలను రుసుము తీసుకుని వదిలిపెట్టవచ్చునన్నారు. 2000 సంవత్సరంలో సుప్రీం కోర్టు, ఇది ఒక్కసారికి చేస్తున్న ఏర్పాటు గనుక ఒప్పుకుంటున్నామని చెప్పింది. కాని ఆ గడువును ప్రభుత్వం మళ్ళీ మళ్ళీ ముందుకు జరుపుతూ పోయింది. ఒక్కసారి అన్నది నాలుగుసార్లయితే దాన్ని ఒక్కసారి అని ఎవరంటారు? 2006లో మద్రాసు హైకోర్టు ఆ పొడిగింపులను కొట్టివేసింది. తరువాత 2012లో 113-సి అనే మరో సెక్షను వచ్చింది. 2007 జులై 1 లోపల కట్టినవాటికే అది వర్తిస్తుంది. దాని నియమాలు 2017లో వచ్చాయి. అంటే 2007 నాటి ఇంటివాడు పదేళ్ళు కాచుకుంటే గాని నియమం చేతికి రాలేదన్నమాట.

ఈ కథలో మనం గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. అదే కటాఫ్ తేదీ. ఏ పథకానికైనా రెండు తేదీలుంటాయి. ఫలానా రోజు లోపల ఇల్లు కట్టి ఉండాలి అనేది ఒకటి. ఫలానా రోజు లోపల దరఖాస్తు పెట్టాలి అనేది రెండోది. ప్రభుత్వాలు దరఖాస్తు గడువు పెంచినప్పుడు పత్రికల్లో "గడువు పొడిగింపు" అని వస్తుంది. అది చూసి, నిన్న మొన్న కట్టిన ఇంటికి కూడా అవకాశం వచ్చిందనుకుని కొందరు పరుగెత్తుతారు. పెరిగింది దరఖాస్తుకు గడువే గాని, ఇల్లు కట్టడానికి గడువు కాదు. అందుకే ఆ పాత రసీదులు ముఖ్యమన్నాను. కటాఫ్ తేదీకి ముందే ఇల్లు ఉందని చూపించేది మొదటి కరెంటు బిల్లు, మొదటి కందాయం రసీదు. వాటిని పారేయకండి.

నేల దోషం విషయంలో తమిళనాడులో జరిగినది కూడా చెప్పుకోవాలి. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆమోదం లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపమని ఆదేశించింది. ఒక్కసారిగా వేలాది కుటుంబాల స్థలాలు అమ్మడానికి వీల్లేకుండా పోయాయి. ఆడపిల్ల పెళ్ళికని ఉంచుకున్న స్థలం అవసరానికి అమ్ముకోలేని పరిస్థితి. 2017 మే నెలలో ప్రభుత్వం అటువంటి ప్లాట్ల, లేఔట్ల క్రమబద్ధీకరణకు నియమాలు తెచ్చింది. 2016 అక్టోబరు 20 లోపలి ప్లాట్లకు అవి వర్తిస్తాయి. మీ చేతిలో దస్తావేజు ఉన్నంత మాత్రాన సరిపోదని, ఆ స్థలానికి క్రమబద్ధీకరణ ఉత్తర్వు ఉందో లేదో కొనేముందే చూసుకోవాలని ఆ రోజుల్లో అందరికీ తెలిసివచ్చింది.

కర్ణాటకలో ఈ నేల దోషానికి గుర్తు ఖాతాలో కనిపిస్తుంది. గ్రామ పంచాయతీల ఇ-స్వత్తు విధానంలో ఆమోదం ఉన్న ఆస్తులకు ఫారం 9, ఫారం 11ఎ ఇస్తారు. ఆమోదం లేనివాటికి ఫారం 11బి ఇస్తారు. పట్టణాలలో బి-ఖాతా అనే మాట వింటున్నాం. 2025 ఫిబ్రవరిలో పట్టణాలలోని అనధికార ఆస్తులకు ఒకసారికి బి-ఖాతా ఇచ్చే కార్యక్రమాన్ని ప్రభుత్వం మొదలుపెట్టింది. ఇది మంచిదే, మీ ఆస్తి లెక్కలోకి వచ్చింది, పన్ను పద్దులో పేరు ఎక్కింది. కాని బి-ఖాతా వచ్చింది గనుక ఇల్లు సక్రమమైంది అనుకోకండి. ఆ "బి" అనే అక్షరమే ఇంకా తీరవలసిన దోషం ఉందని చెబుతోంది. స్థలం అమ్మేవాడు "ఖాతా ఉంది" అంటే ఏ ఖాతా అని అడగండి. "ఫారం ఉంది" అంటే 9 ఉందా, 11బి ఉందా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ జీవితకాలపు సంపాదనను కాపాడుతుంది.

ఇక మూడోది హక్కు దోషం. కర్ణాటక భూకందాయ చట్టం 1964లో 94సి అనే సెక్షను గ్రామాలలో, 94సిసి పట్టణాలలో, ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకుని ఉంటున్నవారికి షరతుల మీద ఆ జాగా మంజూరు చేయడానికి ఉద్దేశించినవి. బగర్ హుకుం కింద సాగు భూమికి పెట్టే ఫారం 50, 53, 57 వేరు, ఇంటికి పెట్టే ఈ దరఖాస్తు వేరు. మా వైపు ఈ రెండింటినీ కలిపేసి, చేనికి పెట్టిన అర్జీని చూపించి ఇంటికీ పెట్టామనుకునేవారు ఉన్నారు. ఏ అర్జీ దేనికో ఒకసారి సరిచూసుకోండి.

మహారాష్ట్రలో సోలాపూరు, భివండి వైపు స్థిరపడిన మన నేతపనివారికి గుంఠేవారి అనే మాట తెలుసు. ఎకరానికి 40 గుంటలు కదా. పొలాన్ని గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మడం వల్ల ఆ పేరు వచ్చింది. అటువంటి స్థలాల క్రమబద్ధీకరణకు 2001లో అక్కడ చట్టం చేశారు. 2001 జనవరి 1 నాటికి ఉన్నవాటికి మొదట వర్తించింది. 2021లో ఆ తేదీని 2020 డిసెంబరు 31కి జరిపారు. అదే మహారాష్ట్రలో ముంబయి వర్లీ ప్రాంతపు క్యాంపా కోలా భవనాల సంగతి కూడా చెప్పాలి. అయిదో అంతస్తుకు పైన అనుమతి లేకుండా కట్టిన ఫ్లాట్లను సక్రమం చేయడానికి వీల్లేదని 2013లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఫ్లాట్లు కొన్నవారు పూర్తి ధర ఇచ్చి కొన్నవారే, ఏళ్ళ తరబడి కాపురమున్నవారే. తప్పు చేసింది కట్టినవాడు, శిక్ష పడింది కొన్నవాడికి.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు శ్రోతలకు కటకం నుంచి వచ్చిన తీర్పు ఒకటి గుర్తుచేస్తాను. అక్కడ ఒక బిల్డరు ఆమోదించిన ప్లానుకు మించి అదనపు అంతస్తు వేశాడు. 2004లో సుప్రీం కోర్టు ఆ కేసులో చెప్పిన సూత్రం ఈనాటికీ నిలిచి ఉంది. తెలియక జరిగిన చిన్న తేడాలను, పొరపాట్లను రుసుముతో మన్నించవచ్చు గాని, తెలిసి లాభం కోసం చేసిన ఉల్లంఘనను మన్నించడం క్రమబద్ధీకరణ ఉద్దేశం కాదని దాని భావం.

యానాం శ్రోతలు ఒక విషయం గమనించాలి. మీ చుట్టూ ఉన్నది ఆంధ్ర, మీరు చదివేవి ఆంధ్ర పత్రికలు. కాని మీ ఇంటి ప్లానుకు వర్తించేది పుదుచ్చేరి చట్టం, పుదుచ్చేరి నియమాలు. ఆ మాటకొస్తే ఇది సరిహద్దు తెలుగువారందరికీ వర్తించే హెచ్చరిక. మనం తెలుగు పత్రిక చదువుతాం, అందులో బి.పి.ఎస్. అని, ఎల్.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలతో వార్తలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబరు 15 నాటికి ఉన్న కట్టడాలకు ఒకసారి, 2014 డిసెంబరు 31 నాటికి ఉన్నవాటికి మరొకసారి పథకాలు వచ్చాయి. తెలంగాణలో 2020లో వచ్చిన ఎల్.ఆర్.ఎస్.కు ఆ సంవత్సరం ఆగస్టు 26 కటాఫ్ తేదీ. అనంతపురంలో ఉన్న బావమరిది తన ఇంటికి బి.పి.ఎస్. కట్టానని ఫోనులో చెబితే, పావగడలో ఉన్న మనం కూడా కట్టవచ్చు కదా అనుకుంటాం. కుదరదు. భాష ఒకటే గాని ప్రభుత్వం ఒకటి కాదు. మన ఇల్లు ఏ రాష్ట్రపు నేల మీద ఉందో ఆ రాష్ట్రపు చట్టమే మనకు చట్టం.

ఇంతకీ ప్రభుత్వాలు ఇటువంటి పథకాలు ఎందుకు తెస్తాయి? కట్టినవన్నీ పడగొట్టడం సాధ్యం కాదు, అది ఒక కారణం. ఖజానాకు రాబడి వస్తుంది, అది రెండో కారణం. ఎన్నికల ముందు ప్రజలకు ఊరట కలిగించినట్టవుతుంది, ఇది బహిరంగ రహస్యం. అయితే న్యాయమైన కారణం కూడా ఒకటుంది. చాలామంది పేదలకు ప్లాను, సెట్‌బ్యాక్ అనే మాటలే తెలియవు. మేస్త్రీ చెప్పినట్టు కట్టుకున్నారు. అనుమతి కోసం తిరిగేందుకు కూలి మానుకోలేరు. అటువంటివారిని నేరస్థుల వరుసలో నిలబెట్టడం ధర్మం కాదు.

కాని మరోవైపు కూడా చూడాలి కదా. నియమం ప్రకారం 4 అడుగులు వదిలి కట్టినవాడున్నాడు. పక్కవాడు గోడ వరకు కట్టేసరికి వీడింటికి గాలి పోయింది, వెలుతురు పోయింది. పక్కవాడు రుసుము కట్టి సక్రమం చేయించుకున్నాడు. మరి నియమం పాటించినవాడికి ఏం మిగిలింది? చీకటి గది. నిప్పు అంటుకుంటే ఫైరింజను సందులోకి రావాలి. వాన పడితే నీరు కాలువలోకి పోవాలి. కాగితం మీద రుసుము కట్టినంత మాత్రాన సందు వెడల్పు కాదు, కాలువ తెరుచుకోదు. అందుకే చెరువు, కాలువ, రోడ్డు, పార్కు స్థలాలను ఆక్రమించిన కట్టడాలను ఈ పథకాలు సాధారణంగా దూరంగానే ఉంచుతాయి. మన పెద్దాయన మెట్లకు దారి లేకపోవడానికి కారణం అదే.

ఈ మధ్య వచ్చిన రెండు సుప్రీం కోర్టు తీర్పులను ప్రతి ఇంటి యజమానీ తెలుసుకోవాలి. 2024 నవంబరు 13న కోర్టు, ముందుగా నోటీసు ఇచ్చి 15 రోజులు గడువు ఇవ్వకుండా ఎవరి ఇల్లూ కూల్చరాదని ఆదేశించింది. ఇది మనకు రక్ష. కాని రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్క, నది, చెరువు వంటి బహిరంగ స్థలాలలో ఉన్న అక్రమ కట్టడాలకు ఆ రక్ష వర్తించదని కూడా అదే తీర్పు చెప్పింది. తరువాత 2024 డిసెంబరు 17న మరో తీర్పు వచ్చింది. ఇల్లు ప్లాను ప్రకారం పూర్తయిందన్న ధ్రువపత్రం చూసిన తరువాతే కరెంటు, నీరు కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని చూసే అప్పు ఇవ్వాలని అందులో ఉంది. అంటే ముందు కట్టేద్దాం, తరువాత చూసుకుందాం అనే రోజులు దగ్గరపడ్డాయి.

మరి మనం చేయవలసింది ఏమిటి?

మొదటిది, నోటీసు వస్తే దేవుని పటం వెనక పెట్టకండి. దేవుడు దాన్ని చదవడు. వచ్చిన తేదీ దాని మీద రాసిపెట్టుకోండి. గడువులోగా జవాబు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. జవాబు ఇవ్వకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు.

రెండోది, భాష రాదని వెనకాడకండి. మన రాజ్యాంగంలో 350వ అధికరణం ఉంది. తనకు కలిగిన బాధను గురించి ఏ అధికారికైనా, కేంద్రంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని అది చెబుతోంది. అంటే మీరు తెలుగులో అర్జీ రాయవచ్చు. అయితే పని తొందరగా కావాలంటే కన్నడంలోనో తమిళంలోనో ఒరియాలోనో మరాఠీలోనో ఒక ప్రతి జతచేయడం మంచిది. ఊళ్ళో రెండు భాషలు తెలిసిన పిల్లలు చాలామంది ఉన్నారు, ఆ పని వారికి చెప్పండి.

మూడోది, మీది ఏ దోషమో ముందు తేల్చుకోండి. కట్టడమా, నేలా, హక్కా? ఆ తరువాతే ఏ ఆఫీసుకు వెళ్ళాలో తెలుస్తుంది. పథకం పేరు విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఏ రాష్ట్రానిది? కటాఫ్ తేదీ ఏది? ఇప్పుడు నడుస్తోందా, కోర్టులో ఆగి ఉందా?

నాలుగోది, డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకండి. క్రమబద్ధీకరణ రుసుము చలానా మీదనో రసీదు మీదనో ప్రభుత్వ ఖాతాకు వెళ్ళాలి. "నాకు తెలిసిన ఆఫీసరున్నాడు, నేను చేయిస్తాను" అన్నవాడికి ఇచ్చిన సొమ్ముకు రసీదు ఉండదు, రసీదు లేని సొమ్ముకు ఉత్తర్వు రాదు.

అయిదోది అన్నింటికన్నా ముఖ్యం. ఇంకా కట్టనివారు అనుమతి తీసుకునే కట్టండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. ఏదో ఒక రోజు పథకం వస్తుందిలే అని గోడ లేపకండి. పథకం వచ్చినా తేదీ మీది కాకపోవచ్చు, శాతం మీది కాకపోవచ్చు, మధ్యలో కోర్టు ఆపవచ్చు.

ఇంతకీ ఆ పెద్దాయన సంగతి చెప్పాలి కదా. ఆ రాత్రే కూర్చుని ఆయన తెలుగులో జవాబు రాశారు. నేను దాన్ని కన్నడంలోకి మార్చి జతచేశాను. మరుసటి రోజు ఇద్దరం వెళ్ళి ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. మెట్లు ఆయనే కొట్టించేశారు. "ఎవరో వచ్చి పగలగొట్టేదానికంటే నేనే తీసేస్తే రాళ్ళయినా మిగులుతాయి కదా" అన్నారు. ఆ రాళ్ళతోనే ఇంటి లోపలి వైపు నుంచి ఇరుకుగా, నిటారుగా కొత్త మెట్లు కట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన భార్య పైకెక్కడం మానేశారు. కాలువ తెరుచుకుంది. ఆ ఏడాది వానకు మా వీధిలో నీళ్ళు నిలవలేదు. పక్క ఖాళీ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆయన సంచిలో కందాయం రసీదులతోపాటు ఇప్పుడు ముద్ర వేసిన నకలు కాగితం కూడా ఒకటి చేరింది. దాన్ని దేవుని పటం వెనక మాత్రం పెట్టలేదు.

నా పైగది లెక్కలు నేనూ తీశాను. దాని కొలతలు, చుట్టూ వదిలిన ఖాళీ రాసుకుని పురసభ ఇంజనీరును కలిశాను. ఏం చెబుతారోనన్న భయం ఉంది. అయినా బెరుకుతో అడగడం, బీరువాలో దాచడం కంటే నయమని తోచింది.

శ్రోతలారా, అక్రమం సక్రమం కావడానికి చట్టం అప్పుడప్పుడు ఒక సన్నని తలుపు తెరుస్తుంది. ఆ తలుపుకు తేదీ ఉంటుంది, కొలత ఉంటుంది. మీ ఇంటి కాగితాలు ఈ వారంలో ఒకసారి బయటికి తీసి చూసుకోండి. చదవడం రాకపోతే చదివించుకోండి. తెలియకపోతే అడగండి.